అవతలి ఒడ్డు పొగ

నెస్తోరి ముసలాయనకి స్వీడన్‌లో నచ్చనివి చాలా ఉన్నాయి గానీ, అన్నిటికంటే నచ్చనిది అక్కడి గడియారం. ఏటికి ఆ ఒడ్డున ఫిన్లాండ్‌లో పన్నెండైతే ఈ ఒడ్డున ఇంకా పదకొండే. నీళ్ళు ఒకటే, చేప ఒకటే, భాష ఒకటే, ఆఖరికి తిట్లు కూడా ఒకటే. గంట మాత్రం వేరు. ఎప్పుడో ముత్తాతల కాలంలో ఒక రాజూ ఒక చక్రవర్తీ కూర్చుని ఏటి నడుమ గీత గీసి, చెరో ఒడ్డూ పంచుకున్నారు. ఆ ఇద్దరిలో ఒక్కడు కూడా ఈ ఏట్లో చెయ్యి కడుక్కున్న పాపాన పోలేదు. ముసలాయన మాత్రం జేబు గడియారాన్ని తన ఒడ్డు లెక్కలోనే ఉంచుకున్నాడు. అక్క టిల్డా ఇంట్లో తలదాచుకుని శీతాకాలమంతా గడిచిపోయినా, భోజనానికి అందరికంటే గంట ముందే వచ్చి బల్ల దగ్గర కూర్చునేవాడు.

"నీ కడుపుక్కూడా ఫిన్లాండ్ టైమేనట్రా?" అనేది టిల్డా. "కూర్చో మరి. బంగాళాదుంపలు స్వీడన్ టైంలో ఉడుకుతున్నాయి."

టిల్డా పెళ్ళయి ఏరు దాటి వచ్చింది. నలభై ఏళ్ళుగా స్వీడన్ రాజుగారి ప్రజ. ఆయన స్వీడిష్ భాషలో ఆమెకి వచ్చింది 'నమస్కారం', 'నాకు తెలీదు' అనే రెండు ముక్కలే. ఆ రెండింటితోనే రాజ్యంతో పనులన్నీ నెట్టుకొచ్చింది. మొగుడు పోయాడు. అడవిలో దుంగలు కొట్టే కొడుకు ఈసాక్కి, గొడ్ల కొట్టం, ఏటివైపు కిటికీ ఉన్న ఇల్లు మిగిలాయి.

ఆ కిటికీ దగ్గరే నెస్తోరి కోడలు సైమి రోజూ కూర్చునేది. ఆమె నిండు చూలాలు. మొగుడు విల్హో సైన్యంలో ఉన్నాడు. జర్మన్లని ఉత్తరాన మంచుకొండల దాకా తరుముతున్నారనీ, బతికే ఉన్నాననీ అప్పుడప్పుడూ కబురు పంపుతున్నాడు. మొన్న మొన్నటిదాకా ఆ జర్మన్లే స్నేహితులు. మూడేళ్ళు ఊళ్ళో ఇంటికి ఇద్దరు చొప్పున మకాం పెట్టి, పిల్లలకి చాక్లెట్లు పంచి, తాతలతో చేపలు పట్టారు. ఫిన్లాండ్ రష్యాతో రాజీపడేసరికి, మీ అతిథుల్ని మీరే వెళ్ళగొట్టుకోండి అన్నది షరతయింది. అతిథులు వెళ్తూ వెళ్తూ ఊరికి నిప్పు పెట్టారు.

అంతకుముందే ఊరు ఊరంతా ఆవుల్ని తోలుకుని ఏరు దాటింది. ఈ ఒడ్డున దిగగానే అందర్నీ వరసగా నిలబెట్టి బట్టలు విప్పించి, ఆవిరి గదిలోకి తోలి పేలు చంపారు. ముసలాయన ఆ అవమానం ఇంకా దిగమింగుకోలేదు. వారం వారం సౌనా అనే స్నానాల కొట్లో రాళ్ళు ఎర్రగా కాల్చి, నీళ్ళు చల్లి, ఆ ఆవిరిలో తోలు ఊడేలా స్నానం చేసే మనిషికి పేలేమిటి? "పైగా ఆ గది వేడిగా కూడా లేదు," అనేవాడు. పేలకంటే అదే ఆయనకి పెద్ద బాధ.

తర్వాత అక్టోబరులో ఒకరోజు అందరూ ఈ ఒడ్డునే నిలబడి, ఆ ఒడ్డున తమ ఇళ్ళు తగలబడుతుంటే చూశారు. ఎవరి ఇంటి వంతు వస్తే వాళ్ళు ఏడ్చారు. మంటలు చల్లారాక ఊళ్ళో పొగగొట్టాలు తప్ప ఏమీ మిగల్లేదు. నెస్తోరి తన చేత్తో దుంగ మీద దుంగ పేర్చి కట్టిన ఇల్లు, కొట్టం, గడ్డివాము, అన్నీ బూడిద. ఒక్కటి మాత్రం నిలిచి ఉంది. ఏటిగట్టు మీద, నల్లగా, చిన్నగా, వాళ్ళ సౌనా.

ఊళ్ళో మిగిలిన సౌనా అదొక్కటే. దాన్ని చూస్తూ ముసలాయన రోజురోజుకీ ఒక నమ్మకం పెంచుకున్నాడు.

"అది అలోయిస్ పనే," అనేవాడు. "వాడే వదిలేయించాడు."

అలోయిస్ వాళ్ళింటి మేడగదిలో రెండు శీతాకాలాలు ఉన్న జర్మన్ సిపాయి. ఏదో కొండప్రాంతం వాడు. సౌనాకి మొదటిసారి తీసుకెళ్తే వేడికి తట్టుకోలేక దిసమొలతో మంచులోకి పరిగెత్తి, ఊరందరికీ నెల్లాళ్ళు నవ్వుకోవడానికి సరుకిచ్చాడు. తర్వాత్తర్వాత శనివారం మధ్యాహ్నానికే కట్టెలు కొట్టి సిద్ధంగా ఉండేవాడు. సౌనాలో గొడవ పడకూడదు, కేకలెయ్యకూడదు, చర్చిలో ఉన్నట్టే ఉండాలని ముసలాయన చెబితే బుద్ధిగా తలూపేవాడు.

"మన ఉప్పు తిన్నాడక్కా. ఆ మాత్రం విశ్వాసం ఉంటుంది."

"నీ ఉప్పు తిన్నవాడే నీ ఇల్లు కాల్చాడు," అనేది టిల్డా. "సౌనా దగ్గరికొచ్చేసరికి పెట్రోలు అయిపోయుంటుంది."

ఏప్రిల్ వచ్చింది. సైమికి ఇవాళో రేపో అన్నట్టుంది. అప్పుడు బయటపెట్టాడు ముసలాయన మనసులో మాట: బిడ్డ పుట్టేది ఆ సౌనాలోనే.

టిల్డా చేతిలో కాఫీ కెటిలు బల్ల మీద కొట్టినట్టు పెట్టింది. "నా సౌనా ఏం పాపం చేసింది? పెరట్లోనే ఉంది కదా. కావాలంటే ఇంట్లోనే కననీ. కరెంటు దీపం ఉంది, పిలిస్తే నర్సు వస్తుంది."

"నీ సౌనా మంచిదే. కానీ రాజుగారిది."

"బొడ్డు కొయ్యడానికి రాజుగారేమన్నా వస్తాడట్రా?"

"నువ్వు పుట్టింది అక్కడ. నేను పుట్టింది అక్కడ. విల్హో అక్కడే పుట్టాడు. అమ్మ పోతే నువ్వే కదా దాని బల్ల మీద పడుకోబెట్టి కడిగావు. ఇప్పుడు విల్హో బిడ్డ పరాయి దేశంలో పుట్టాలా?"

"పరాయి దేశమా? ఏడు నెలల్నించీ నా తిండి తింటూ ఆ మాటెలా వస్తుందిరా నోటికి?" అంది టిల్డా. కోపం కాదది, నిజంగానే నొచ్చుకుంది. "వెళ్తూ జర్మన్లు పాతిపెట్టిన మందుపాతరల సంగతి మర్చిపోయావా? కింది ఊరివాడు తన పొలం గట్టు మీదే పోలేదూ? సైన్యం వాళ్ళొచ్చి ఏరి తీసేదాకా ఎవ్వర్నీ ఆ ఒడ్డుకి వెళ్ళద్దన్నారు."

"వాళ్ళొచ్చేసరికి మనవడికి మీసాలొస్తాయి."

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఇక్కడ మొండివాడి ఎదురుగా ఉన్నది రాజు కూడా కాదు, సైమి. ఆమెకి వెళ్ళాలని లేదు. తెల్ల దుప్పటి పరిచిన మంచం, మీట నొక్కితే వెలిగే దీపం చాలనిపించింది. బిడ్డ ఏ రాజ్యంలో పుడితే ఏం, ఊపిరితో పుడితే చాలు. ఆ మాట చెప్పేద్దామనే అనుకుంది.

ఆ సాయంత్రం ఆమె కొట్టంలో పాలు పిండుతుంటే ముసలాయన వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. పొద్దుటి గొంతు కాదు.

"ఇల్లు మళ్ళీ కట్టాలి కదా, అమ్మాయ్. విల్హో వస్తాడు, కడదాం అంటాడు. రోజూ రాత్రి పడుకుని లెక్క వేస్తుంటాను. ఎన్ని దుంగలు కావాలి, ఎక్కడ మొదలుపెట్టాలి. పొద్దున లేచేసరికి చేతుల్లో ఏమీ ఉండదు. ఓపిక చచ్చిపోయింది." కాసేపు ఆవు వీపు నిమిరాడు. "ఆ ఊళ్ళో ఒక్క ఏడుపు వినపడితే, పసిగుడ్డు ఏడుపు, అప్పుడు ఎత్తగలనేమో మళ్ళీ."

పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఆయన సైమిని ఏదీ అడిగి ఎరగడు. ఇలా అడిగే మనిషి కాదు కూడా. ఆమె పొదుగు మీంచి చేతులు తీసి ఆయన వైపు తిరిగింది.

"దారి బాగుందని మీరు ముందు చూసుకోవాలి మావయ్యా," అంది చివరికి. "ఊరికే ఒకసారి కాదు. మళ్ళీ మళ్ళీ నడిచి చూడాలి. అప్పుడే వస్తాను."

"నడుస్తాను. డాన్సు చేస్తాను, చూస్తూండు."

శనివారం తెల్లవారకముందే బయల్దేరాడు. ఈసాక్కి కట్టెలేసిన జారుడుబండిని గడ్డకట్టిన ఏటి మీదుగా అవతలి గట్టు దాకా లాగి, అక్కడే ఆగిపోయాడు. పైకి రావద్దని ముసలాయన ఒట్టు వేయించుకున్నాడు.

ఏప్రిల్ పొద్దులంటే ఆ ఏటి మనుషులకి పండగ. పగటి ఎండకి మెత్తబడ్డ మంచు రాత్రి చలికి మళ్ళీ బిగుసుకుని, తెల్లారేసరికి పైపొర బండరాయిలా అయిపోతుంది. దాని మీద ఎటు కావాలంటే అటు నడవచ్చు. కంచెల మీదుగా, పొదల మీదుగా, కాలు దిగుతుందన్న బెంగ లేకుండా. ఆవు నడిచినా మోస్తుంది.

సైమి కిటికీలోంచి చూస్తూనే ఉంది. ముసలాయన చివర ఇనుపముక్క బిగించిన కర్రతో గట్టు నుంచి సౌనా దాకా అడుగడుగునా పొడుస్తూ వెళ్ళాడు. తిరిగి వచ్చాడు. కట్టెలు మోపుకట్టి మోస్తూ మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. సౌనా తలుపుకి తాడు కట్టి, దూరంగా రాయి చాటున పడుకుని లాగాడు. తలుపు మామూలుగా తెరుచుకుంది. లోపల పొయ్యి మీది రాళ్ళన్నీ ఒక్కొక్కటే తీసి బయట పెట్టి చూసుకుని, తిరిగి పేర్చాడు. ఏ మాత్రం తొందరపడలేదు. మొండిమనిషే గానీ తెలివితక్కువవాడు కాదు. కర్ర పోటు రాతిలాంటి పైపొర దాటి కిందికి దిగడం లేదన్న సంగతి మాత్రం ఆయనకి తట్టలేదు. ఎవరికి తట్టింది గనక? తెల్లవారుజాము మంచు మోస్తుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అదొక మంచి సంగతిగానే వాళ్ళకి తెలుసు.

అంతా అయ్యాక గట్టు మీద ఈ కిటికీ వైపు తిరిగి నిలబడి, నిజంగానే గెంతాడు. రెండు చేతులూ చాపి, వొంగి, తిరిగి, ముసలి ఎలుగుబంటిలా. సైమి నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

"పిచ్చి ముదిరింది," అంది టిల్డా పక్కన నిలబడి. ఆమె కూడా నవ్వుతోంది.

ఎండ ఎక్కేవేళకి పొగ లేచింది. వాళ్ళది పొగగొట్టం లేని పాతకాలం సౌనా. పొగంతా లోపలే తిరిగి, తలుపు సందుల్లోంచీ గోడ కన్నంలోంచీ మెల్లగా బయటికొస్తుంది. రాళ్ళు బాగా కాలేదాకా సగం రోజు మండించాలి. కట్టెలు కాలి పొగ పోయాక, గది కాస్త తేరుకున్నాక గానీ లోపలికి వెళ్ళడానికుండదు. 'పొగ ఆగాక టోపీ ఊపుతాను, అప్పుడు రండి' అని చెప్పి వెళ్ళాడు ముసలాయన.

ఆ పొగ చూసి ఈ ఒడ్డున ఒక్కొక్కరే పోగయ్యారు. అందరూ అదే ఊరివాళ్ళు, ఆ ఇంటా ఈ ఇంటా తలదాచుకున్నవాళ్ళు. ఒకావిడ తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుంది. అక్టోబరు తర్వాత వాళ్ళ ఊళ్ళోంచి లేచిన మొదటి పొగ అది. అది ఇల్లు కాలిన పొగ కాదు, ఇల్లున్నవాళ్ళు పెట్టుకున్న పొగ.

మధ్యాహ్నం దాటాక సైమికి నొప్పులు మొదలయ్యాయి. ముందు నడుములో, తర్వాత పొట్టంతా. టిల్డా చెయ్యివేసి చూసి, "టైముంది గానీ మరీ ఎక్కువ లేదు," అంది. ఈసాక్కి బండి తెచ్చి దాని మీద గొర్రెతోళ్ళు పరిచాడు. ఇంట్లోంచి బండి దాకా నాలుగడుగులు వేసేసరికే సైమి కాలు మోకాలి దాకా మంచులో దిగబడింది. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"మధ్యాహ్నం మంచంతే, పాడు మంచు," అని విసుక్కుంటూ టిల్డా ఆమె చంకలో చెయ్యేసి పైకి లాగింది.

ఏటి మీద గడ్డ మాత్రం ఇంకా మందంగానే ఉంది. ఈసాక్కి లాగుతుంటే టిల్డా పక్కన నడిచింది. సైమి పడుకుని ఆకాశం చూస్తూ, నొప్పి వచ్చినప్పుడల్లా గొర్రెతోలు గుప్పిట పట్టుకుంది. భయం కొంచెం తగ్గింది. అన్నిసార్లు నడిచి చూశాడు కదా.

"పొగ ఆగింది చెల్లెమ్మా," అన్నాడు ఈసాక్కి. "బయటికొచ్చాడు. టోపీ ఊపుతున్నాడు."

సైమి మోచేతుల మీద లేచి చూసింది. సౌనా తలుపు తెరిచి ఉంది. ముసలాయన టోపీ తలకి పెట్టుకుని గట్టు దిగడం మొదలుపెట్టాడు. పొద్దున నడిచిన దారే. తన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వస్తున్నాడు. సగం దారిలో కాలు తొడ దాకా దిగబడింది. రెండు చేతులతో పట్టి పైకి లాక్కున్నాడు. ఏదో అన్నాడు, తిట్టే అయ్యుంటుంది, ఇంత దూరం వినపడలేదు. ఇంకో అడుగు వేశాడు.

పేలుడు అంత పెద్దగా వినిపించలేదు. మంచు లేచి పడింది. తర్వాత అక్కడ నిలబడి ఎవరూ లేరు.

"మావయ్యా," అంది సైమి.

ఈసాక్కి బండి తాడు వదిలేసి పరిగెత్తాడు. గట్టు మొదట్లోనే టిల్డా అతన్ని అందుకుంది. ఆ వయసులో ఎలా పరిగెత్తిందో, వెనక నుంచి నడుం పట్టుకుని అతనితోపాటే మంచులో పడింది.

"వదులమ్మా. బతికున్నాడేమో."

"వెళ్ళకు."

"మావయ్య నడిచిన దారే కదే."

"కాలు దిగుతోంది," అంది టిల్డా. "చూడు, నీ కాలు ఎక్కడుందో చూడు. పొద్దున పైపొర మోసింది. ఇప్పుడు మొయ్యదు."

ఈసాక్కి కిందికి చూసుకున్నాడు. తొడ దాకా మంచులో ఉన్నాడు. ఆ దారంతా, పొద్దుటి నుంచీ ఆ మనిషి అన్నిసార్లు తొక్కి, పొడిచి, గెంతిన దారంతా, ఇప్పుడు ఎండలో మెత్తగా మెరుస్తోంది. ఇంకెన్ని ఉన్నాయో దాని కింద. మళ్ళీ మళ్ళీ నడిచి చూడమని అడిగింది తనే కదా అని సైమికి గుర్తొచ్చింది. అడిగినందుకు ఆయన చేశాడు. చేసినందుకే నమ్మాడు.

టిల్డా తమ్ముడి పేరు పెట్టి పిలిచింది. ఆగి, మళ్ళీ పిలిచింది. జవాబు లేదు, కదలిక లేదు. గాలికి అతని టోపీ జారి ఏటి గడ్డ మీదికి వచ్చింది. ఆమె దాన్ని తీసి చంకలో పెట్టుకుని బండి దగ్గరికి నడిచింది.

"వెనక్కి లాగు," అంది కొడుకుతో. "రాత్రికి గడ్డకడుతుంది. తెల్లారగట్ల వెళ్దువుగాని."

"అత్తా, ఆయన్ని అలా ఒక్కణ్ణీ..." అంది సైమి.

"నువ్వు మాట్లాడకు. ఊపిరి దాచుకో," అంది టిల్డా. బండి పక్కన నడుస్తూ ఇల్లు చేరేదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తిరిగితే వెళ్ళిపోతానని ఆమెకి తెలుసు.

ఆ సాయంత్రం టిల్డా ఇంట్లో, కరెంటు దీపం కింద, తెల్ల దుప్పటి మీద సైమికి ఆడపిల్ల పుట్టింది. గట్టిగానే ఏడ్చింది. ఏరు దాటి వినపడేంత గట్టిగా కాదు.

బిడ్డ నిద్రపోయాక కూడా సైమికి నిద్ర పట్టలేదు. మనసంతా ఆ సౌనా చుట్టూనే తిరిగింది. అలోయిస్ వదిలేశాడా, పెట్రోలే అయిపోయిందా? అతను వదిలేసి ఉంటే దారిలో అవి పాతిందెవరు? ఇంకెవరో కావచ్చు. అతనే కావచ్చు. ఒక చేత్తో అదీ, ఒక చేత్తో ఇదీ చేసి వెళ్ళిపోయి ఉండచ్చు. యుద్ధంలో మనుషులు అలాగే ఉన్నారు. ఒకటి మాత్రం నిజం.

"దాన్ని కూడా కాల్చేసి ఉంటే మావయ్య బతికేవాడు," అంది చీకట్లోకి.

పక్క కుర్చీలో కూర్చున్న టిల్డా ఒళ్ళో ఉన్న టోపీ తడి ఆరిందో లేదో అని చేత్తో తడిమి చూసుకుంది.

తెల్లవారుజామున మంచు బిగుసుకున్నాక ఈసాక్కి ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని బయల్దేరాడు. గుమ్మంలో ఆగి తల్లినడిగాడు. "ఇక్కడికి తీసుకొచ్చెయ్యనా? మన సౌనా వెలిగిస్తావా, కడగడానికి?"

టిల్డా లేవబోయింది.

"వద్దన్నా," అంది సైమి మంచం మీంచి. "అక్కడే కడగండి. ఎండెక్కక ముందే చేసెయ్యండి. ఆ రాళ్ళు అంత తొందరగా చల్లారవు. ఇంకా వేడిగానే ఉంటాయి."

ఈసాక్కి తల్లి వైపు చూశాడు. టిల్డా గోడకున్న కొక్కెం నుంచి శుభ్రమైన నార తువ్వాలు తీసి అతని చేతికిచ్చింది.

వాళ్ళు సూర్యుడు పొదల మీదికి రాకముందే తిరిగొచ్చారు. ముసలాయన్ని బండి మీద, దుప్పటి కప్పి తీసుకొచ్చి కొట్టం అరుగు మీద ఉంచారు. ఈసాక్కి లోపలికి వచ్చి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మంచం పక్కన నిలబడ్డాడు. చొక్కాకి మసి అంటుకుని ఉంది. సైమి బిడ్డకి పాలిస్తోంది.

"గది వెచ్చగానే ఉందా?"

"వెచ్చగానే ఉంది చెల్లెమ్మా."

"నీళ్ళు సరిపోయాయా?"

"సరిపోయాయి. ఇంకా మిగిలాయి కూడా," అన్నాడు ఈసాక్కి. "బిడ్డ కోసమని పెట్టిన నీళ్ళు కదా. గంగాళం నిండా పెట్టాడు."